తిరునెల్వేలి నుంచి డోర్నకల్‌కు: తొలి భారతీయ ఆంగ్లికన్ బిషప్ అజరయ్య

డోర్నకల్: కాజీపేట-విజయవాడ రైలుమార్గంలో మానుకోట దాటి ఖమ్మం వైపు సాగితే డోర్నకల్ జంక్షన్ వస్తుంది. ఇల్లెందు బొగ్గుగనుల వైపు వెళ్లే శాఖామార్గం ఇక్కడే విడిపోతుంది. మసీదు గుమ్మటాలను, మినార్లను, దేవాలయ మండపాల స్తంభాలను ఒక్కచోట కలిపి కట్టిన చర్చి ఈ ఊరి ప్రత్యేకత. అదే ఎపిఫనీ కెథీడ్రల్. ఆ ప్రాంగణంలోనే దాని నిర్మాణానికి పూనుకున్న బిషప్ సమాధి ఉంది. ఆయన వేదనాయగం శామ్యూల్ అజరయ్య. ఆంగ్లికన్ సంఘంలో బిషప్ పదవిని అధిష్ఠించిన తొలి భారతీయుడు. 1912 నుంచి 1945లో కన్నుమూసే వరకు, అంటే 32 ఏళ్ల పాటు, దేశంలో ఒక ఆంగ్లికన్ డయోసిస్‌కు (అధ్యక్ష మండలానికి) పీఠాధిపతిగా ఉన్న ఏకైక భారతీయుడు కూడా ఆయనే.

తెల్లవారి పాలన బలంగా ఉన్న రోజుల్లో నల్లజాతివాడు తెల్ల గురువులపై అధికారం నెరపగలడా అన్న ప్రశ్నకు ఆయన జీవితమే సమాధానమైంది. అంటరానివారిగా ఊరిబయట బతుకుతున్న మాల, మాదిగ కుటుంబాలకు తమ విశ్వాసాన్ని తామే ఎంచుకునే హక్కు ఉందా అన్న వివాదంలో ఆయన సాక్షాత్తు గాంధీజీకే ఎదురు నిలిచారు. తమిళుడై పుట్టి, తెలుగు నేర్చి, తెలుగు నేలలోనే ఒరిగిన అజరయ్య జీవిత విశేషాలివి.

పల్లెటూరి గురువు కుమారుడు

అజరయ్య 1874 ఆగస్టు 17న తమిళనాట తిరునెల్వేలి ప్రాంతంలోని వెల్లాళన్‌విలై గ్రామంలో జన్మించారు. తండ్రి తోమాస్ వేదనాయగం హిందూ కుటుంబంలో పుట్టి, క్రైస్తవం స్వీకరించి, ఆ గ్రామ సంఘానికి గురువుగా పనిచేశారు. తల్లి పేరు ఎలెన్. వారిది నాడార్ సామాజిక వర్గం. ఒక కుమార్తె పుట్టాక చాలా ఏళ్లు సంతానం లేక, ప్రార్థనల ఫలంగా కలిగిన కుమారుడు కనుక బైబిల్‌లోని హన్నా కుమారుని పేరు మీదుగా శామ్యూల్ అని పెట్టుకున్నారు. అజరయ్యకు పదిహేనేళ్లయినా నిండకముందే తండ్రి మరణించారు. పెంపకం భారమంతా తల్లిపైనే పడింది.

మెగ్నానపురంలోని మిషన్ వసతి పాఠశాలలో ఆయన విద్యాభ్యాసం సాగింది. అక్కడి విద్యార్థుల్లో కులభేదాలు బలంగా ఉండేవి. వాటిని తగ్గించేందుకు తోటివారితో కలిసి సోదర సంఘాన్ని ఏర్పాటు చేయడంలో ఆయన పాలుపంచుకున్నారు. తర్వాత మద్రాసు క్రైస్తవ కళాశాలలో గణితం ప్రధానాంశంగా చదివారు. సరిగ్గా పట్టపరీక్ష సమయానికి జబ్బుపడి పరీక్ష రాయలేకపోయారు. ఆ తర్వాత మళ్లీ పరీక్షకు కూర్చోలేదు. డిగ్రీ లేకుండానే చదువు ముగిసింది. ఇదే అజరయ్యకు 1920లో ఇంగ్లండులోని కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయం గౌరవ డాక్టరేట్ ప్రదానం చేయడం విశేషం.

1895లో ఆయన వైఎంసీఏలో చేరి, దక్షిణ భారతంలో కార్యదర్శిగా 1909 వరకు పనిచేశారు. అమెరికా నుంచి వచ్చిన యువ కార్యకర్త షేర్‌వుడ్ ఎడ్డీతో అక్కడే స్నేహం కుదిరింది. ఊరూరా కలిసి తిరిగి, కలిసి తిని, కలిసి ప్రార్థించిన ఈ స్నేహం తర్వాతి కాలంలో అజరయ్య ఆలోచనలకు మూలమైంది. తెల్లవారు, భారతీయులు సమానులుగా మెలగడం సాధ్యమేనని ఆయన స్వానుభవంతో తెలుసుకున్నారు.

1898లో అన్బు మరియమ్మాళ్‌ను వివాహమాడారు. దక్షిణ భారత క్రైస్తవ స్త్రీలలో కళాశాల మెట్లెక్కిన తొలితరం విద్యావంతురాలామె. కట్నం లేకుండా, అప్పు చేయకుండా, నలభై రూపాయల ఖర్చుతో ఆ పెళ్లి జరిగింది. పెళ్లిళ్ల కోసం అప్పులపాలవుతున్న కుటుంబాలకు తర్వాతి రోజుల్లో ఆయన చేసిన హితబోధ తన ఇంట ఆచరించి చూపినదే.

మన మనుషులు, మన ధనం, మన నిర్వహణ

1902లో అజరయ్య సింహళంలోని జాఫ్నాకు వెళ్లారు. అక్కడి తమిళ క్రైస్తవులు తమ సొంత డబ్బుతో పరాయి ప్రాంతాలకు ప్రచారకులను పంపుతున్నారు. తిరునెల్వేలి ప్రాంతంలో సువార్త ప్రవేశించి తరాలు గడిచాయి. వేల సంఖ్యలో క్రైస్తవులున్నారు. అయినా అన్నిటికీ విదేశీ మిషన్లవైపే చూడటం ఆయనను కలచివేసింది. తిరిగివచ్చిన కొద్దినెలలకే, 1903 ఫిబ్రవరి 12న, తిరునెల్వేలి భారతీయ మిషనరీ సంఘం ప్రారంభమైంది. భారతీయ ప్రచారకులు, భారతీయ ధనం, భారతీయ నిర్వహణ అన్న మూడు సూత్రాలపై అది నిలిచింది. 1905 డిసెంబరు 25న బెంగాల్‌లోని సీరాంపూర్‌లో అఖిల భారత స్థాయిలో జాతీయ మిషనరీ సంఘం ఏర్పడింది. దాని స్థాపకుల్లోనూ అజరయ్య ఒకరు. అది బెంగాల్ విభజనతో స్వదేశీ ఉద్యమం రగులుతున్న ఏడాది. విదేశీ వస్త్రాలను కాదన్న ఆ వేడి క్రైస్తవ సంఘాలకూ తాకిందనడానికి ఈ సంస్థ ఒక నిదర్శనం.

తిరునెల్వేలి సంఘం తన కార్యక్షేత్రంగా ఎంచుకున్నది తమ జిల్లాను కాదు, తమ భాషా ప్రాంతాన్నీ కాదు. వెయ్యి కిలోమీటర్లకు పైగా దూరంలో, నిజాం రాజ్యంలోని వరంగల్ జిల్లా తూర్పు ప్రాంతం. మిషన్ల సంచారం అంతగా లేని అటవీ ప్రాంతమది. తొలి ప్రచారకుడిగా శామ్యూల్ పాకియనాథన్ ఇక్కడికి వచ్చారు. రైలు సౌకర్యం ఉన్న డోర్నకల్ కేంద్రంగా మారింది.

ఇతరులను పంపి తాను పట్నంలో ఉండిపోవడం అజరయ్యకు నచ్చలేదు. అఖిల భారత స్థాయి గుర్తింపు, మద్రాసు జీవితం వదులుకుని 1909లో గురువుగా అభిషిక్తుడై, కుటుంబంతో డోర్నకల్ చేరారు. అప్పటికి ఆయన వయసు ముప్పై అయిదు. తొలిరోజుల్లో డేరాలో కాపురం. తెలుగు అక్షరాలు దిద్దడంతో మొదలుపెట్టి, కొద్దికాలానికే పల్లెజనానికి అర్థమయ్యే భాషలో ప్రసంగించే స్థాయికి ఎదిగారు.

ఎడింబరో సభలో చేదు నిజం

1910 జూన్‌లో స్కాట్లండులోని ఎడింబరో నగరంలో ప్రపంచ మిషనరీ మహాసభ జరిగింది. సుమారు 1,200 మంది ప్రతినిధులు హాజరయ్యారు. వారిలో ఆసియా వాసులు ఇరవై మందికి మించలేదు. విదేశీ, స్వదేశీ కార్యకర్తల మధ్య సహకారం అనే అంశంపై మాట్లాడవలసిందిగా అజరయ్యను కోరారు.

ఆయన మాటలు దాచుకోలేదు. జాతుల మధ్య సంబంధాలు సరిగా లేవని సూటిగా చెప్పారు. భారతీయ కార్యకర్తతో కరచాలనం చేయడానికి, తన ఇంట భోజనానికి పిలవడానికి వెనుకాడే మిషనరీలు ఉన్నారన్నారు. యజమాని-సేవకుడు అన్న ధోరణి పోవాలన్నారు. మిషనరీలు తమ ఆస్తులు పేదలకు పంచారని, దేహాలను సైతం త్యాగం చేశారని, అందుకు భారత సంఘం కృతజ్ఞతతో ఉంటుందని చెబుతూనే, తాము కోరుతున్నది అంతకుమించిన స్నేహమని ముగించారు. సభలో కొందరు నొచ్చుకున్నారు. మరికొందరు ఇన్నాళ్లకు నిజం విన్నామన్నారు. శతాబ్దం దాటినా ప్రపంచ క్రైస్తవ చరిత్రకారులు ఆ సభ గురించి రాసినప్పుడల్లా ఈ ప్రసంగాన్ని ప్రస్తావించక మానరు.

బిషప్ పీఠం... వ్యతిరేకత

మద్రాసు బిషప్ హెన్రీ వైట్‌హెడ్ అజరయ్యలోని నాయకత్వ లక్షణాలను ముందుగానే గుర్తించారు. మద్రాసు డయోసిస్ అతి విశాలమైనది. తెలుగు ప్రాంతంలో పల్లెలకు పల్లెలే క్రైస్తవంలోకి వస్తున్న కాలమది. ఒక్క బిషప్‌కు అంత పర్యటన అసాధ్యం. డోర్నకల్ కేంద్రంగా కొత్త డయోసిస్ ఏర్పరచి, దానికి భారతీయుడినే నియమించాలని వైట్‌హెడ్ పట్టుబట్టారు.

అభ్యంతరాలు రెండు వైపుల నుంచీ వచ్చాయి. ఆంగ్లేయ గురువులు ఒక భారతీయుని అధికారం కింద ఎలా పనిచేస్తారని కొందరు మిషనరీలు వాదించారు. సొంతవారి నుంచి కూడా ఎదురుగాలి తప్పలేదు. కులం, ప్రాంతం, అనుభవం వంటి కారణాలు చూపుతూ కొందరు తమిళ క్రైస్తవులు సైతం వ్యతిరేకించారు. అయినప్పటికీ 1912 డిసెంబరు 29న కలకత్తాలోని సెయింట్ పాల్స్ కెథీడ్రల్‌లో అజరయ్య బిషప్‌గా అభిషిక్తులయ్యారు. అప్పటికి ఆయన వయసు ముప్పై ఎనిమిదేళ్లు.

మొదట ఆయనకు అప్పగించినది చిన్న ప్రాంతమే. ఎనిమిది, పదేళ్లలో పరిస్థితి మారింది. 1920 దశకం ఆరంభంలో మచిలీపట్నం కేంద్రంగా 1841 నుంచి పనిచేస్తున్న సీఎంఎస్ మిషన్ క్షేత్రాలు, నంద్యాల, కడప, కర్నూలు వైపు ఉన్న ఎస్పీజీ మిషన్ క్షేత్రాలు డోర్నకల్ పరిధిలోకి వచ్చాయి. దాంతో తెలుగు ఆంగ్లికన్లలో అత్యధికులు ఆయన అధ్యక్షతలోకి వచ్చారు. ఏ విషయంలో అభ్యంతరం చెప్పారో అదే జరిగింది. ఆంగ్లేయ మిషనరీలు భారతీయ బిషప్ కింద పనిచేశారు. పీఠం కూలిపోలేదు.

పల్లె ఎలా కదిలింది

డోర్నకల్ డయోసిస్ చరిత్ర ప్రధానంగా మాలపల్లెల, మాదిగగూడేల చరిత్ర. ఊరి చెరువులో నీళ్లు ముట్టరాదు, ఊరి బడిలో కూర్చోరాదు, దొర గడపలో వెట్టి తప్పదు. ఇటువంటి బతుకుల నుంచి కుటుంబాలు విడివిడిగా కాక, బంధువర్గాలుగా, పల్లెలుగా క్రైస్తవంలోకి వచ్చాయి.

దానికొక క్రమం ఉండేది. పల్లె పెద్దలు వచ్చి తమకు ఉపదేశిని పంపమని అడిగేవారు. ఆ ఉపదేశి గూడెంలోనే కాపురం ఉండి, పగలు పిల్లలకు అక్షరాలు, పొద్దుగూకి కూలిపనుల నుంచి వచ్చిన పెద్దలకు ప్రార్థనలు, పది ఆజ్ఞలు, విశ్వాస ప్రమాణం నేర్పేవాడు. చదువురాని వారికి పాటలు, కథలే పాఠాలు. నెలల తరబడి శిక్షణ సాగాక గురువు వచ్చి పరీక్షించి బాప్తిస్మం ఇచ్చేవారు. చచ్చిన పశువు మాంసం, కల్లు, సారా, బాల్యవివాహాలు మానాలన్న కట్టుబాట్లు ఉండేవి. మురికి, రోగం, అప్పు, తాగుడు అనే నాలుగు భూతాలను పల్లె నుంచి తరమాలన్నది అజరయ్య తరచూ చేసిన బోధ.

బాప్తిస్మం పొందిన ప్రతి ఒక్కరూ ప్రచారకులే కావాలన్నది ఆయన సూత్రం. కొత్తగా బాప్తిస్మం పొందినవారు తలపై చెయ్యి ఉంచుకుని, సువార్త ప్రకటించకుంటే తమకు శ్రమ తప్పదన్న పౌలు భక్తుని మాటను తమ మాటగా పలికేవారు. చదువులేని కూలీ, పొరుగూరి బంధువుతో పంచుకున్న మాటల ద్వారానే ఉద్యమం ఒక పల్లె నుంచి మరో పల్లెకు పాకింది. మిషనరీ ప్రసంగాల పాత్ర దానికి తర్వాతిదే.

సంఘాలు తమ కాళ్లపై తాము నిలబడాలన్న తపన ఆయనలో మొదటి నుంచీ ఉంది. పేదలు ఇవ్వలేరన్న మాటను అంగీకరించలేదు. వంటకు బియ్యం కొలిచేటప్పుడు తల్లులు పిడికెడు తీసి వేరే కుండలో వేయడం, పంట చేతికొచ్చాక కోతపండుగనాడు ధాన్యం, కోళ్లు, కూరగాయలు తెచ్చి చర్చిలో అర్పించడం ఆ సంఘాల ఆచారాలయ్యాయి. క్రైస్తవ దానధర్మంపై ఆయన ఒక పుస్తకమే రాశారు. జాతరల స్థానంలో క్రైస్తవ ఉత్సవాలు, ఆంగ్లేయ రాగాల స్థానంలో తెలుగు కీర్తనలు, తాళాలు, తప్పెట్లు ప్రోత్సహించారు. క్రైస్తవుడు కావడమంటే ఆంగ్లేయుడు కావడం కాదన్నది ఆయన నమ్మకం.

1935 నాటికి డోర్నకల్ డయోసిస్‌లో క్రైస్తవుల సంఖ్య రెండు లక్షలు దాటింది. 250 మంది భారతీయ గురువులు, రెండు వేలకు మించిన గ్రామోపాధ్యాయులు పనిచేస్తుండేవారు. వైద్యశాలలు, సహకార సంఘాలు, ముద్రణాలయాలు వెలిశాయి. డోర్నకల్‌లో గురువుల శిక్షణ కోసం ప్రారంభించిన విద్యాలయం తర్వాత ఇతర సంఘాల భాగస్వామ్యంతో ఆంధ్రా యూనియన్ వేదాంత కళాశాలగా ఎదిగింది. 1964లో రాజమండ్రిలో ఏర్పడి, తర్వాత హైదరాబాద్‌కు తరలిన ఆంధ్రా క్రైస్తవ వేదాంత కళాశాలలో అది విలీనమైంది.

ఈ కృషిలో అన్బు అజరయ్య పాత్ర చెప్పుకోదగ్గది. స్త్రీల చదువు, శిశుసంరక్షణ, మదర్స్ యూనియన్ కార్యక్రమాలను ఆమె ముందుండి నడిపించారు. బిషప్‌తో పాటు పల్లెలు తిరిగి, గుడిసెల ముందు కూర్చుని స్త్రీలతో మాట్లాడారు.

అయితే అన్నీ విజయాలే కావు. క్రైస్తవులయ్యాక కూడా మాల, మాదిగల మధ్య దూరం పూర్తిగా తొలగలేదు. ఒకే బల్ల వద్ద ప్రభుభోజనం తీసుకోవడానికి, ఒకే వసతిగృహంలో పిల్లలు కలిసి తినడానికి అభ్యంతరాలు వచ్చేవి. చర్చిలో కులానికి చోటు లేదని బిషప్ ఖండితంగా చెప్పినా, పెళ్లి సంబంధాల వద్ద పాతగోడలు నిలిచే ఉన్నాయి. ఈ గోడలను కూల్చడంలో తాను కోరుకున్నంత సాధించలేకపోయారన్నది చరిత్ర చెబుతున్న వాస్తవం.

గాంధీజీతో విభేదం

అజరయ్య రాజకీయాల్లో ప్రత్యక్షంగా పాల్గొనలేదు. కానీ సంఘ వ్యవహారాల్లో స్వదేశీ నినాదాన్ని ఆయన గాంధీజీ దక్షిణాఫ్రికా నుంచి తిరిగిరాకముందే ఆచరణలో పెట్టారు. చట్టసభల్లో క్రైస్తవులకు ప్రత్యేక నియోజకవర్గాలు ఇవ్వడాన్ని వ్యతిరేకించారు. మతం పేరిట ఓట్లను విడదీస్తే క్రైస్తవులు దేశ జీవితానికి దూరమవుతారని ఆయన భయం. ఈ విషయంలో ఆయన అభిప్రాయం జాతీయవాదులకు దగ్గరగానే ఉంది.

విభేదం వచ్చింది మతాంతరీకరణ వద్ద. 1935 అక్టోబరులో యేవలా సభలో డాక్టర్ అంబేద్కర్ తాను హిందువుగా మరణించబోనని ప్రకటించాక దేశమంతటా ఈ చర్చ రాజుకుంది. తెలుగునాట సామూహికంగా జరుగుతున్న బాప్తిస్మాలు గాంధీజీ దృష్టికి వచ్చాయి. హరిజనులు మతసిద్ధాంతాలను తూచి నిర్ణయించుకునే స్థితిలో లేరని, సేవ పేరిట మతం మార్చడం తగదని, ఎవరి మతంలో వారు ఉండి దాన్ని సంస్కరించుకోవాలని ఆయన వాదించారు. మిషనరీలు చెబుతున్న సంఖ్యలను, పల్లెల్లో వచ్చిందంటున్న మార్పును 'హరిజన్' పత్రికలో ప్రశ్నించారు.

అజరయ్య వాదన వేరు. పేదవాడికి కూడా ఆత్మ ఉంది, వివేకం ఉంది. తన విశ్వాసాన్ని ఎంచుకునే హక్కును చదువుకున్నవారికి ఒప్పుకుని కూలీకి కాదనడం న్యాయం కాదన్నది ఆయన భావం. ప్రలోభాలు చూపి ఎవరినీ చేర్చుకోకూడదని తన గురువులకు కట్టడి చేశారు. మాదిగగూడెంలో వచ్చిన మార్పును చూసి ఇతర కులాలవారు కూడా క్రైస్తవం వైపు వస్తున్నారని, డబ్బు ఆశే కారణమైతే వారు ఎందుకు వస్తారని ఎదురు ప్రశ్న వేశారు. దేశం గౌరవించే ఇద్దరూ నిరాడంబరులే. ఇద్దరూ అస్పృశ్యతను ద్వేషించినవారే. దారులు మాత్రం కలవలేదు. చరిత్రకారిణి సుసాన్ బిలింగ్టన్ హార్పర్ 2000లో వెలువరించిన అజరయ్య జీవితచరిత్రకు 'మహాత్ముని నీడలో' అని అర్థం వచ్చే పేరు పెట్టడానికి కారణమిదే.

ఆ చర్చ నేటికీ సజీవమే. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం క్రైస్తవం స్వీకరించిన దళితులకు ఎస్సీ హోదా వర్తించదు. తెలుగు రాష్ట్రాల్లో వారిని బీసీ-సీ వర్గంగా పరిగణిస్తున్నారు. అజరయ్య చేతుల మీదుగా బాప్తిస్మం పొందినవారి మనుమలు, మునిమనుమలు ఎదుర్కొంటున్న సమస్య ఇది.

ఐక్యత కోసం తపన

ఒకే పల్లెలో ఒక గూడెం ఆంగ్లికన్, పక్క గూడెం బాప్టిస్టు, పొరుగూరు లూథరన్. ఇంగ్లండు, జర్మనీ, అమెరికా చరిత్రల్లో పుట్టిన విభేదాలు తెలుగు కూలీలను విడదీయడం అజరయ్యకు భరించరానిదిగా తోచింది. 1919 మే మొదటివారంలో తరంగంబాడిలో ముప్పై ముగ్గురు సమావేశమయ్యారు. ఇద్దరు మినహా అందరూ భారతీయులే. అజరయ్య, దక్షిణ భారత ఐక్య సంఘానికి చెందిన సంతియాగు వారికి నాయకత్వం వహించారు. సంఘాలన్నీ ఏకం కావాలన్న ప్రకటన అక్కడే వెలువడింది.

బిషప్ వ్యవస్థ ఉండాలని ఆంగ్లికన్లు, సభ్యులందరి ఆత్మీయ సమానత్వాన్ని గుర్తించాలని ఐక్య సంఘంవారు పట్టుబట్టారు. 1925లో మెథడిస్టులు చర్చల్లో చేరారు. చర్చలు ఏళ్ల తరబడి సాగాయి. 1927లో స్విట్జర్లాండులోని లొసాన్‌లో జరిగిన ప్రపంచ సభలో అజరయ్య మాట్లాడుతూ, పాశ్చాత్యులకు ఐక్యత ఒక ఆదర్శం మాత్రమే కావచ్చునని, భారతదేశంలో అది సంఘం బతకడానికే అవసరమని విన్నవించారు. విడిపోయి ఉన్న సంఘాల్లో దేనిలో చేరమంటారని అంబేద్కర్ తనను అడిగినప్పుడు సమాధానం చెప్పలేక సిగ్గుపడ్డానని ఆయన చెప్పుకున్న ఉదంతం క్రైస్తవ వర్గాల్లో నేటికీ వినిపిస్తుంది. 1929 నుంచి చివరివరకు భారత జాతీయ క్రైస్తవ మండలికి ఆయనే అధ్యక్షులు. 1938 డిసెంబరులో మద్రాసు సమీపంలోని తాంబరంలో జరిగిన అంతర్జాతీయ మిషనరీ సభకు ఆతిథ్యమిచ్చిన పెద్దల్లోనూ ఆయన ముఖ్యులు.

రాతిలో రాసిన విశ్వాసం

తాంబరం సభ ముగిసిన కొద్దిరోజులకే, 1939 జనవరి 6న, డోర్నకల్ ఎపిఫనీ కెథీడ్రల్ ప్రతిష్ఠ జరిగింది. తూర్పుదేశపు జ్ఞానులు బాలయేసును దర్శించిన సందర్భాన్ని స్మరించే పండుగ ఎపిఫనీ. యేసు యూదులకే కాక సకల జాతులకు ప్రత్యక్షమయ్యాడన్నది ఆ పండుగ భావం. తూర్పుదేశపు విశ్వాసులు కట్టుకున్న గుడికి ఆ పేరు పెట్టడం సముచితమే.

నిర్మాణం ఏళ్ల తరబడి సాగింది. డబ్బు సమకూరినప్పుడు పని నడిచేది, లేనప్పుడు ఆగేది. ఇంగ్లండు చర్చిల నమూనాను పక్కనబెట్టి, దేవాలయ మండపాన్ని తలపించే స్తంభాలు, నిజాం రాజ్యపు కట్టడాలను గుర్తుచేసే గుమ్మటాలు, మినార్లతో దీన్ని తీర్చిదిద్దారు. స్తంభాలపై తామరల చెక్కడం కనిపిస్తుంది. పరాయి మతమన్న నింద పోవాలంటే గుడి రూపం కూడా ఈ నేలదే కావాలన్న బిషప్ ఆలోచన ప్రతి రాతిలోనూ ప్రస్ఫుటమవుతుంది.

డెబ్బయ్యో ఏట కూడా అజరయ్య పర్యటనలు మానలేదు. 1945 జనవరి 1న డోర్నకల్‌లోనే తుదిశ్వాస విడిచారు. తాను కట్టించిన కెథీడ్రల్ చెంతనే సమాధి చేశారు. ఆయన తర్వాత సహాయ బిషప్‌గా ఉన్న ఎ.బి. ఇలియట్ పీఠం అధిష్ఠించారు.

ఆయన పాటుపడిన ఐక్యసంఘాన్ని చూసే భాగ్యం ఆయనకు దక్కలేదు. స్వాతంత్ర్యం వచ్చిన నలభై మూడు రోజులకు, 1947 సెప్టెంబరు 27న, మద్రాసు సెయింట్ జార్జి కెథీడ్రల్‌లో ఆంగ్లికన్, మెథడిస్టు, ఐక్యసంఘాలు కలిసి దక్షిణ ఇండియా సంఘంగా (సీఎస్ఐ) అవతరించాయి. పాత డోర్నకల్ డయోసిస్ నుంచి కృష్ణా-గోదావరి వంటి కొత్త డయోసిస్‌లు ఏర్పడ్డాయి. నంద్యాల ప్రాంతంలోని ఆంగ్లికన్లలో పలువురు అప్పట్లో చేరక విడిగా ఉండి, 1975లో సీఎస్ఐలో కలిశారు.

2016లో జిల్లాల పునర్వ్యవస్థీకరణతో డోర్నకల్ వరంగల్ నుంచి మహబూబాబాద్ జిల్లాలోకి వచ్చింది. జిల్లా మారినా, రాజ్యాలు మారినా కెథీడ్రల్ మినార్లు మాత్రం నిలిచే ఉన్నాయి. పిడికెడు బియ్యం కుండలు, కోతపండుగ అర్పణలు పల్లెల్లో ఆయన నాటిన విత్తనాలు. యజమానిగా కాక స్నేహితునిగా రమ్మని 1910లో ఆయన తెల్లవారిని అడిగిన కోరిక, ఒకే బల్ల వద్ద కూర్చోమని మాల, మాదిగలను వేడుకున్న కోరిక నిజానికి ఒక్కటే. మొదటిది చాలావరకు నెరవేరింది. రెండోది నెరవేర్చే బాధ్యత ఆయన వారసులపైనే ఉంది.

జీవిత రేఖలు

1874 ఆగస్టు 17: తిరునెల్వేలి ప్రాంతం వెల్లాళన్‌విలైలో జననం
1895: వైఎంసీఏలో చేరిక
1898: అన్బు మరియమ్మాళ్‌తో వివాహం
1903: తిరునెల్వేలి భారతీయ మిషనరీ సంఘ స్థాపన
1905: సీరాంపూర్‌లో జాతీయ మిషనరీ సంఘ స్థాపన
1909: గురువుగా అభిషేకం, డోర్నకల్ రాక
1910: ఎడింబరో మహాసభలో ప్రసంగం
1912 డిసెంబరు 29: కలకత్తాలో బిషప్‌గా అభిషేకం
1919: తరంగంబాడి ప్రకటన
1920: కేంబ్రిడ్జి గౌరవ డాక్టరేట్
1929: జాతీయ క్రైస్తవ మండలి అధ్యక్ష పదవి
1939 జనవరి 6: డోర్నకల్ ఎపిఫనీ కెథీడ్రల్ ప్రతిష్ఠ
1945 జనవరి 1: డోర్నకల్‌లో మరణం